కనపడిందే చెప్పు

మార్చి వచ్చిందంటే మా ఆదివారం ధమ్మ తరగతికి వచ్చే పిల్లల మొహాలు మారిపోతాయి. త్రిశరణాలు చెబుతున్నప్పుడు పెదవులు కదులుతుంటాయి గానీ మనసులో త్రికోణమితి సూత్రాలు తిరుగుతుంటాయని నాకు తెలుసు. లెక్కల టీచరుగా మూడున్నర దశాబ్దాలు పనిచేసి రిటైరైనదాన్ని, ఆ చూపు గుర్తుపట్టలేనా! మొన్న ఒక ఆదివారం పంచశీల పూర్తయ్యాక పదో తరగతి అమ్మాయి లేచి అడిగింది.

"మేడం, పరీక్షలో చీటీ చూసి రాస్తే ఏ శీలం తప్పినట్టు? నోటితో అబద్ధం చెప్పలేదు. ఎవరి సొమ్మూ తీసుకోలేదు. గైడులో ఉన్నది గైడులోనే ఉంటుంది కదా!"

పిల్లలు గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంత తిన్నగా ప్రశ్న అడిగేవాళ్లు పెద్దల్లో కూడా తక్కువ. నాకు తోచింది చెప్పాను. హాల్ టికెట్ నంబరు వేసి, నీ చేతిరాతతో నింపిన జవాబు పత్రం ఊరికే కాగితం కాదమ్మా, 'ఇది నాకు వచ్చు' అని నువ్వు ఇచ్చే మాట. నోరు మెదపకపోయినా అది మాటే. కాబట్టి ముసావాదం. ఆ మార్కులతో ఇంకొకరికి రావలసిన సీటు నీకొస్తే, ఇవ్వనిది తీసుకున్నట్టే. కాబట్టి రెండో శీలం కూడా.

తర్వాత రాహులుడి కథ చెప్పాను. ఆ పిల్లవాడు అంబలట్ఠికలో ఉన్నప్పుడు తథాగతుడు వెళ్లి, కాళ్లు కడుక్కున్న పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడని వాడి శ్రమణత్వం ఇంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్లు పారబోశాడు. పాత్ర బోర్లించాడు. మళ్లీ నిలబెట్టి ఖాళీ పాత్ర చూపించాడు. ఏ పని చేసేముందైనా, చేస్తున్నప్పుడైనా, చేశాకైనా అద్దంలో చూసుకున్నట్టు దాన్ని చూసుకోమన్నాడు. అశోక చక్రవర్తి బైరాట్ శాసనంలో భిక్ఖువులూ ఉపాసకులూ తరచు వినాలని ఏడు ధమ్మ పాఠాల పేర్లు చెక్కించాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఈ బోధ అందులో ఒకటి. అంత పెద్ద సామ్రాజ్యం ఏలినవాడు ఒక పిల్లవాడికి చెప్పిన పాఠాన్ని రాతి మీదికి ఎక్కించాడు.

అమ్మాయి అంతా విని కూర్చుంది. కాసేపాగి, పక్క పిల్లకు కూడా వినపడనంత మెల్లగా అంది: "అది కాదు మేడం, భయమేస్తుంది."

మొదటి ప్రశ్నకు పుస్తకాల్లో జవాబుంది. ఈ రెండో మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

కాపీల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ నేరం భాషే మాట్లాడతాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను అరికట్టే చట్టం వచ్చింది. స్క్వాడ్‌లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. వద్దనను, ఉండాలి. 2015లో బీహార్‌లోని వైశాలి జిల్లా బడి ఫొటో అన్ని పత్రికల్లోనూ పడింది. గోడలు పట్టుకుని పై అంతస్తుల కిటికీల దాకా ఎక్కి చీటీలు అందిస్తున్న బంధువులు. దేశమంతా నవ్వింది. నేను ఆ ఫొటోను చాలాసేపు చూశాను. కాలు జారితే ప్రాణం పోయే చోట వేలాడుతున్న ఆ మనుషుల్ని అక్కడికి ఎక్కించింది దురాశేనంటే నాకు నమ్మకం కలగలేదు.

నా సర్వీసులో లెక్కలేనన్ని హాళ్లలో ఇన్విజిలేషన్ చేశాను. లక్షలు పోసి ప్రశ్నపత్రం కొనుక్కునేవాళ్ల సంగతి వేరు. అది వ్యాపారం, అందులో భయమేమీ ఉండదు. కానీ మామూలు సర్కారు బడి పిల్ల అరచేతిలో మడిచిన చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మొహం దొంగ మొహంలా ఉండదు. చీకట్లో ఒంటరిగా దారి తప్పిన పిల్ల మొహంలా ఉంటుంది. ఆ చీకటి నాకు బాగా పరిచయం.

మాది గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డుకు దగ్గరి పల్లె. మా పేటకీ ఊరికీ మధ్య డొంక దారి. డొంక మలుపులో పెద్ద చింతచెట్టు, దాని వెనక మా వాళ్ల శ్మశానం. ఆ చెట్టు మీద కొరివి దెయ్యం ఉందని నాకు ఊహ తెలియకముందే చెప్పారు. ఊళ్లోకి వెళితే ఇంకో రకం భయాలు. ఏ వీధిలో చెప్పులు చేతపట్టుకోవాలో, ఏ అరుగు దగ్గర నిలబడకూడదో, ఏ బావి వంక చూడకూడదో. బడిలో లెక్కల మేష్టారి బెత్తం. ఆయన కొట్టే దెబ్బ కన్నా "మీకెందుకే లెక్కలు" అనే మాట ఎక్కువ భయపెట్టేది. ఇప్పుడు ఆలోచిస్తే ఇవన్నీ వేర్వేరు భయాలు కావు. దెయ్యం భయం, వీధి భయం, లెక్క భయం అన్నీ ఒకే దారంతో కుట్టినవి. నీకు హద్దు ఉంది, దాటితే ఏదో జరుగుతుంది, ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

మా నాయనమ్మ మంత్రసాని. ఏ అర్ధరాత్రి కబురొచ్చినా లాంతరు పట్టుకుని బయల్దేరేది. పురుడు పోసే దాకా లోపలి గదికి రానిచ్చినవాళ్లే, బిడ్డ బయటపడ్డాక ఆమెను దొడ్డిదారినే పంపేవాళ్లు. ఆ సంగతులు ఆమె ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. "వాళ్ల మొదటి కేక విన్నది నేను, ఆ మాట వాళ్లు మర్చిపోతారు, నేను మర్చిపోను" అనేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి ఆమె తోడుకి నన్ను లేపింది. చింతచెట్టు దగ్గరకొచ్చేసరికి ఆమె చీర కొంగులో మొహం దాచుకున్నాను. ఆమె నన్ను ఎత్తుకోలేదు, తిట్టలేదు, దెయ్యాల్లేవే అని కూడా అనలేదు. అక్కడే ఆగింది. లాంతరు పైకెత్తింది.

"కళ్లు తెరువు. ఏం కనపడుతుందో చెప్పు."

"దెయ్యం."

"అది విన్నది. కనపడింది చెప్పు."

చాలాసేపటికి చూశాను. కొమ్మలు. గబ్బిలాలు. ఎవరో మొక్కుకుని కట్టిన గుడ్డ పేలిక, గాలికి ఊగుతోంది. ఒక్కొక్కటే పైకి చెప్పించింది. కనపడనిది ఒక్కటి చెప్పినా మళ్లీ మొదటినుంచి. ఏదో చప్పుడైంది. "ఏందది?" అంది. "తెలీదు" అన్నాను. "ఆ మాట అను. తెలీదనడానికి భయమెందుకు? పద" అని నడిచింది. ఆ తర్వాత నాలుగైదు రాత్రులు అట్లాగే జరిగింది. తర్వాత ఒక రాత్రి లాంతరు నేనే పట్టుకున్నాను.

ఆమెకు చదువు రాదు. బుద్ధుడి పేరు వినలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత మజ్ఝిమ నికాయంలో భయభేరవ సుత్తం చదువుతూ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. జాణుస్సోణి అనే బ్రాహ్మణుడితో బుద్ధుడు తన పాత రోజుల గురించి మాట్లాడతాడు అందులో. సంబోధికి ముందు, పక్షంలోని ప్రత్యేకమైన రాత్రుల్లో జనం జడుసుకునే చైత్యాల దగ్గరికి కావాలనే వెళ్లి ఉండేవాడట. ఏదో జంతువు వచ్చేది, నెమలి పుల్ల విరిచేది, గాలికి ఎండుటాకులు గలగలమనేవి. వచ్చేసిందిరా భయం అనుకునేవాడు. అప్పుడేం చేశాడు? నడుస్తుండగా భయం వస్తే, అది లొంగేదాకా ఆగలేదు, కూర్చోలేదు, పడుకోలేదు, నడుస్తూనే ఉన్నాడు. కూర్చుని ఉండగా వస్తే కూర్చునే దాన్ని లొంగదీశాడు. భయం ఎక్కడ పట్టుకుందో అక్కడే దాని లెక్క తేల్చాడు.

అదే సుత్తంలో ఇంకో మాట ఉంది. నడత, మాట, బతుకు తెరువు శుభ్రంగా లేనివాడు అడవికి పోతే ఆ మురికే వాడికి భయమై ఎదురొస్తుందని. అంటే అబద్ధానికీ భయానికీ రెండు వైపులా దారి ఉంది. భయపడి అబద్ధమాడతాం, ఆ అబద్ధం కొత్త భయాన్ని తెచ్చి ఇంట్లో పెడుతుంది.

1978 మార్చిలో నేను పదో తరగతి పరీక్ష రాశాను. మా పేట నుంచి ఆ మెట్టు దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను. సెంటరు తాలూకా ఊళ్లో. ఫీజుకీ, అక్కడ ఉండే ఖర్చుకీ మా అమ్మ ఇత్తడి బిందెలు రెండు తాకట్టు పెట్టింది. తప్పితే వేసవిలోనే మేనమామకిచ్చి చేసేద్దామని ఇంట్లో అనుకున్న మాట నాకు తెలుసు. మామ మంచివాడే. నాకు మాత్రం చదువుకోవాలని ఉంది.

లెక్కల పరీక్ష రోజు కిటికీ పక్క వరస నాది. గంట గడిచేసరికి బయట జనం. కిటికీలోంచి ఒక చీటీ వచ్చి సరిగ్గా నా బల్ల మీద పడింది. పైకి చూస్తే మా పెదనాన్న కొడుకు. నా కోసం తెల్లవారుజామున బయల్దేరి పన్నెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన అన్న. "చెల్లాయ్, మూడోది, ఐదోది" అని వేళ్లతో చూపిస్తున్నాడు. గదిలో ఉన్న పెద్దమనిషి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నీతికథల్లో చీటీ ఇచ్చేవాడు ఎప్పుడూ చెడ్డవాడే. నాకు చీటీ తెచ్చినవాడి కళ్లల్లో ప్రేమ తప్ప ఏమీ లేదు. దాన్ని కాదనడం, చెడును కాదన్నంత తేలిక కాదు. చెమటతో వేళ్లు తడిసిపోయాయి. ప్రశ్నపత్రం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పుడు ఎందుకో నాయనమ్మ గొంతు గుర్తొచ్చింది. కనపడింది చెప్పు. సరే, ఏం కనపడుతోంది? మొదటి ప్రశ్న వచ్చు. రెండోది సగం వచ్చు. మూడోది తెలీదు. నాలుగోది వచ్చు, గ్రాఫు గీయాలి. ఐదోది తెలీదు. అట్లా పేపరు చివరిదాకా పెదవుల్లోనే చెప్పుకుంటూ పోయాను. అయ్యేసరికి చెయ్యి వణకడం ఆగింది. 'ఏమీ రాదు' అనుకున్న పేపర్లో నాకు రానివి నాలుగే. చీటీ మడత విప్పకుండా బల్ల కిందికి జార్చి, వచ్చినవి రాసి, రానివి వదిలేశాను.

లెక్కల్లో నూటికి 39 వచ్చాయి. మా అన్న చాలా ఏళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. "విప్పి ఉంటే ఫస్టు క్లాసొచ్చేది దీనికి" అని పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవాడు. ఆ మార్కులకు నేను కోరుకున్న కాలేజీలో సీటు రాలేదు, దూరపు సర్కారు కాలేజీకి బస్సులో తిరిగాను. బిందెలు విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

నా వెనక బల్ల నేస్తం ఆ రోజు చీటీలు చూసే రాసింది. ఆమె చెడిపోయిందనీ, నేను బాగుపడ్డాననీ చెబితే అది ఇంకో ముసావాదం అవుతుంది. చక్కగా ఉద్యోగం చేసింది, పిల్లల్ని చదివించింది, నాకన్నా పెద్ద ఇల్లు కట్టింది. ఒక్క సంగతి మాత్రం ఆమే చెప్పింది, ఇద్దరం అరవై దాటాక. "నీకు తెలుసా, నా జీతం బిల్లు ఎన్నడూ నేను చూసుకోలేదు. అంకెలు చూస్తే ఇప్పటికీ గుండె దడ. ఆయనే చూసేవాడు, ఇప్పుడు కొడుకు చూస్తాడు." ఆ రోజు చీటీ ఆమెను పరీక్ష దాటించింది. భయాన్ని దాటించలేదు.

మా తరం వాచకాల్లో పరీక్షలో నిజాయితీ అంటే ఒకే కథ. రాజకోట బడిలో ఇన్‌స్పెక్టరు చెప్పిన ఇంగ్లీషు మాటల్లో 'కెటిల్' తప్పు రాసిన పిల్లవాడు, పక్క పలక చూసి దిద్దుకోమని మేష్టారు బూటు కాలితో సైగ చేసినా చూడలేదని. మంచి కథే. నేనూ పిల్లలకు చెప్పాను. కానీ చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి మనసులో మెదిలేది. ఆ పిల్లవాడు తప్పినా మేష్టారు అతని పక్షానే ఉన్నాడు, దగ్గరికొచ్చి కాలితో తట్టాడు. దాదాపు అదే దేశపు ఇంకో మూల, సతారాలో, ఇంకో పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. నౌకరు వచ్చి కుళాయి తిప్పితేనే అతనికి నీళ్లు. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టిన తమ టిఫిన్ డబ్బాలు అంటుపడతాయని తోటి పిల్లలు పరుగెత్తారు. ఆ కేకల మధ్య బోర్డు మీద లెక్క చేయడం ఎట్లాంటిదో ఏ వాచకమూ మాకు పాఠంగా పెట్టలేదు.

ఆ పిల్లవాడు, మన బాబాసాహెబ్, 1907లో మెట్రిక్ పాసయ్యాడు. వచ్చిన మార్కులు 750కి 282. నూటికి 38 కూడా కాదు. ఈ సంగతి చెబితే మన ధమ్మ తరగతి పిల్లలు మొదట నమ్మరు. మేడం తప్పు చెబుతోందనుకుంటారు. ఆ మార్కులకే అతనివాళ్లు సభ పెట్టి సన్మానించారు. ఆ సభలోనే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ మరాఠీలో తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను అతని చేతిలో పెట్టాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో జరిగినదానికి ఒక మొదలు, ఆ 282 మార్కుల సభలో ఉంది. వాళ్లు సన్మానించింది ఎవరూ అందించని, ఎవరూ అందించడానికి లేని మార్కుల్ని.

మన పిల్లల భయానికి ఇంకో పొర కూడా ఉంది. అది దాచి మాట్లాడితే లాభం లేదు. "మీకేంటి, మార్కులు రాకపోయినా సీటొస్తుంది" అనే మాట వినని పిల్ల మన ఇళ్లలో ఉందా? డబ్బున్నవాళ్ల పిల్లలు ప్రశ్నపత్రం కొనుక్కుని పట్టుబడితే పత్రికల్లో 'ముఠా' అని వస్తుంది, ఎవరి కులమూ రాదు. మన పిల్ల చీటీతో దొరికితే అది ఆ పిల్ల తప్పుగా మిగలదు, మనందరి సామర్థ్యం మీద తీర్పై కూర్చుంటుంది. అందుకని మన పిల్లకు తప్పడమూ భయమే, దొరకడమూ భయమే, మామూలు మార్కులు రావడమూ భయమే. చీటీ విప్పడం అంటే "మీకెందుకే లెక్కలు" అన్న మేష్టారి మాటకు మనమే సంతకం పెట్టడం. కానీ ఈ సంగతి బెదిరింపుగా చెబితే ఇంకో బెత్తం అవుతుంది. 'జాతి పరువు నీ చేతిలో ఉంది' అని పదిహేనేళ్ల పిల్ల భుజాల మీద పెట్టకండి. అంత బరువు మోస్తూ ఎవరూ సమీకరణాలు సాధించలేరు.

బరువు ఎక్కువైతే ఏమవుతుందో మనం చూశాం. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వారం నేను మా బడిలో పాఠం చెప్పలేకపోయాను. తప్పితే ఇంట్లో అన్నం పెడతారనీ, మళ్లీ రాయొచ్చనీ ప్రతి పిల్లకూ పరీక్షకు ముందే, నోరు తెరిచి, తండ్రే చెప్పాలి. తల్లి చెబుతుందిలే అని ఊరుకుంటారు తండ్రులు. తండ్రి చెబితే ఆ మాటకు వేరే బలం ఉంటుంది, ఇది నేను చూసి చెబుతున్నాను.

బడుల సంగతి కూడా ఒక మాట. నూటికి నూరు ఫలితాలు కావాలని పైనుంచి ఒత్తిడి పెట్టి, కింద పిల్లలకు నిజాయితీ పాఠం చెప్పడం కుదరదు. ఒక సెంటరులో నన్ను బోర్డు మీద బిట్లకు జవాబులు రాయమన్నారు. "రాయను సార్, కావాలంటే డ్యూటీ మార్చండి" అన్నాను. మార్చారు. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ల కుండ అప్పగించారు. ఆ ఎండలో పిల్లలకు నీళ్లు పోయడం కూడా మంచి డ్యూటీయే. నౌకరు కోసం ఎవరూ ఆగక్కర్లేకుండా అడిగినవాళ్లకల్లా పోశాను.

'భయమేస్తుంది' అన్న ఆ అమ్మాయికి నేనేం చెప్పాలి? ధైర్యంగా ఉండమని చెప్పడం, దెయ్యాల్లేవని చెప్పడం లాంటిదే. అందుకని చెప్పలేదు. తర్వాతి ఆదివారం నుంచి ధమ్మ తరగతి అయ్యాక లెక్కల పరీక్ష పెట్టడం మొదలుపెట్టాను. మొదట పది నిమిషాలు ఆనాపానసతి, తర్వాత ప్రశ్నపత్రం. మొదటి పావుగంట పెన్ను పట్టుకోకూడదు. ప్రతి ప్రశ్న పక్కన పెన్సిలుతో మూడింటిలో ఒకటి రాయాలి: వచ్చు, సగం వచ్చు, రాదు. తర్వాతే రాయడం. జవాబుల కాగితం బల్ల మీద పెట్టి నేను పెరట్లోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పోసుకుంటాను.

మొదటి వారం అందరూ అన్నింటి పక్కనా 'వచ్చు' అని రాశారు. రాదని రాయడం వాళ్లకు సున్నా కన్నా అవమానం. రెండో వారం కొన్ని 'సగం' కనపడ్డాయి. జవాబుల కాగితం ఎవరైనా చూశారేమో నేను అడగలేదు. మూడో వారం ఆ అమ్మాయి పేపర్లో ఏడో ప్రశ్న దగ్గర పెన్సిలుతో కాదు, పెన్నుతోనే ఉంది: "ఈ లెక్క నాకు రాదు మేడం."

శంకువు ఘనపరిమాణం లెక్క అది. మిగతా పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరం కూర్చున్నాం. పాత క్యాలెండరు కాగితం చుట్టి శంకువు చేశాం, అదే ఎత్తు, అదే వెడల్పుతో స్థూపం చేశాం, ఇసుక పోసి కొలిచాం. మూడుసార్లు పోస్తే నిండింది. ఆమె నమ్మక ఇంకోసారి పోసి చూసింది. చీకటి పడింది, వాళ్ల నాన్న సైకిల్ వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంకా అవలేదా అమ్మా?" అన్నాడు. "ఉండు నాన్నా, ఇంకో లెక్కుంది" అంది.